డ్యూటీ రిజిస్టర్: అంబులెన్స్ నిబంధనల మీద మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. తనిఖీలు, లైసెన్సులు, రిజిస్టర్లు, సంతకాలు. అంబులెన్స్ సంస్థలు నడిపేవాళ్లు రాశారు, వాటిలో పనిచేసేవాళ్లు రాశారు, కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు ఒకరిద్దరు భయంభయంగా రాశారు. ముందే ఒక మాట చెప్పేస్తాను. లైసెన్స్ ఎవరిస్తారు, ఎన్నేళ్లకోసారి రెన్యూవల్, ఏ ఇంజెక్షన్ ఎవరి చేతి మీదుగా వెళ్లాలి అన్నవి దేశాన్ని బట్టి, ఒక్కోచోట రాష్ట్రాన్ని బట్టి కూడా మారతాయి కాబట్టి మీకు లైసెన్స్ ఇచ్చిన ఆఫీసు కాగితమే మీకు చివరి మాట. ఇరవై ఏళ్లకు పైగా బండి వెనక పేషెంట్ పక్కన కూర్చుని, తర్వాత క్వాలిటీ చూసే పనిలోకి వచ్చినదాన్ని. ఎక్కడైనా మారని సంగతులు మాత్రమే ఇక్కడ చెప్తున్నాను.

ప్ర: మేడమ్, నేను ఈ మధ్యే సూపర్‌వైజర్‌గా చేరాను. రెండు వారాల్లో ఇన్‌స్పెక్షన్ ఉంది. బండి రోజువారీ చెక్ రిజిస్టర్ తెరిస్తే మధ్యలో నెల రోజులకు పైగా ఖాళీ. "ఓ పూట కూర్చుంటే నింపేయచ్చు, అందరూ చేసేదే" అంటున్నారు మా సీనియర్లు. నాకు చేయి రావట్లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

జ: చేయి రాకపోవడమే మంచిది, రానివ్వకండి. పేజీ ఖాళీగా ఉండటం ఒక తప్పు. దాన్ని ఇవాళ కూర్చుని నింపితే అది దొంగ రికార్డు. మొదటిదానికి సంజాయిషీ అడుగుతారు, సరిదిద్దుకోమని గడువిస్తారు. రెండోది లైసెన్స్ మీదికే వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది, ఒక్క పేజీ అబద్ధమని తేలాక మీవాళ్లు ఎండలో వానలో నిలబడి నిజంగా చూసి రాసిన మిగతా పేజీలను కూడా ఎవరూ నమ్మరు.

దొరకదులే అనుకుంటారు గానీ దొరుకుతుంది. నెల రోజుల టిక్కులు ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉంటే అలవాటైన కంటికి పేజీ తిప్పగానే తెలిసిపోతుంది. పైగా ఇన్‌స్పెక్టర్ ఆ రిజిస్టర్ ఒక్కటే చూడరు. డ్యూటీ రోస్టర్ పక్కన పెట్టుకుంటారు, వర్క్‌షాప్ బిల్లులు అడుగుతారు. ఒక ఆడిట్‌లో నేనే చూశాను. సైరన్ ఓకే, సక్షన్ (నోట్లో, గొంతులో అడ్డుపడినవాటిని లాగేసే మెషీన్) ఓకే, స్ట్రెచర్ లాక్ ఓకే అని వరసగా టిక్కులు, కింద సంతకం. ఆ రోజు ఆ బండి ఇంజిన్ విప్పేసి వర్క్‌షాప్‌లో ఉంది, సంతకం చేసిన అమ్మాయి సెలవులో ఉంది. ఎవరో ఆమె పేరుతో గీసేశారు. ఆ అమ్మాయి ఉద్యోగం నిలబడటానికి మేం ఎంత తిరగాల్సి వచ్చిందో నాకు తెలుసు.

మీరు చేయాల్సింది ఇది. ఆ ఖాళీ గళ్ల జోలికి వెళ్లకండి. ఇవాళ్టి తేదీతో విడిగా ఒక నోట్ రాయండి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెక్ నమోదు కాలేదు, ఈ విషయం ఫలానా రోజు మా దృష్టికి వచ్చింది, కారణం ఇది, తెలిసిన రోజే బండ్లన్నీ పూర్తిగా తనిఖీ చేశాం, దొరికిన లోపాలు ఇవి, ఇకమీదట షిఫ్ట్ మొదట్లో రాసినదాన్ని వారానికోసారి ఫలానా వాళ్లు చూసి సంతకం పెడతారు. అంతే, ఒక పేజీ చాలు. ఆ నెలకు సంబంధించి వేరే కాగితాలేమైనా ఉంటే జతచేయండి, ఆక్సిజన్ రీఫిల్ రసీదులు, స్టోర్ నుంచి మందులు తీసుకున్న పుస్తకం, గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ తనంతట తాను చేసుకున్న సెల్ఫ్ టెస్టుల ప్రింటు. చాలా మెషీన్లు ఆ టెస్టుల తేదీలు దాచిపెట్టుకుంటాయి, అడిగితే ఇస్తాయి. అవి చెక్ జరిగిందనడానికి రుజువు కావు, అలా చూపించకండి కూడా. బండి ఏ స్థితిలో ఉందో కొంత చెప్తాయి, అంతవరకే.

ఇంతకీ నెల రోజులు ఎందుకు రాయలేదో మీవాళ్లను కోప్పడకుండా అడిగారా? నా అనుభవంలో కారణం చాలాసార్లు ఫారంలోనే ఉంటుంది. వందకు పైగా గళ్లు, షిఫ్ట్ మారిన పది నిమిషాలకే కాల్, ఎవరు చూస్తారు అన్నీ? అందుకే బ్యాగులకు నంబరున్న ప్లాస్టిక్ సీల్ వేసే పద్ధతి పెట్టండి. ఒకసారి ఇద్దరు కలిసి బ్యాగు పూర్తిగా సర్ది, లోపల అన్నిటికంటే ముందు ఎక్స్‌పైర్ అయ్యే వస్తువు తేదీని బయట చీటీ మీద రాసి సీల్ వేస్తారు. సీల్ తెగనంతవరకు రోజూ చూడాల్సింది ఆ నంబరు, ఆ తేదీ మాత్రమే. మిగిలిన సమయం చేత్తో పట్టుకుని చూడాల్సినవాటికి పెట్టచ్చు. ఆక్సిజన్ ప్రెషర్, సక్షన్, డీఫిబ్రిలేటర్, గొంతులోకి చూసే లారింగోస్కోప్ బల్బు, చేత్తో నొక్కి ఊపిరందించే ఆంబూ బ్యాగు.

సక్షన్ దగ్గర కాస్త ఆగుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒకరోజు పొద్దున నేను సక్షన్ స్విచ్ వేశాను, మోటారు శబ్దం వచ్చింది, టిక్కు పెట్టాను. మధ్యాహ్నం ఒక పెద్దాయన స్పృహలో లేకుండా వాంతి చేసుకున్నారు. ట్యూబు నోట్లో పెట్టాను. మోటారు తిరుగుతోంది, ఒక్క చుక్క లాగట్లేదు. ముందు రాత్రి, లాగినది పడే జాడీ కడిగినవాళ్లు మూత కింది రబ్బరు వాషర్ పెట్టడం మర్చిపోయారు. మనిషిని పక్కకు తిప్పి, వేలికి గాజుగుడ్డ చుట్టుకుని నోరు శుభ్రం చేశాం, ఆయన బతికారు. కానీ ఆ టిక్కు నాది. ట్యూబును మడిచి నొక్కిపట్టి మీటరు చూసి ఉంటే ముల్లు కదలట్లేదని పొద్దున్నే తెలిసేది. ట్యూబు మూస్తే 4 సెకన్లలో 300 మిల్లీమీటర్లు (పాదరసం లెక్కలో) దాటాలి, పాఠ్యపుస్తకాల్లో ఉన్న లెక్కే ఇది. మీ ఫారంలో "సక్షన్ ఓకే" అన్న గడి తీసేసి "సక్షన్ ఎంత చూపించింది" అని అంకె రాసే గడి పెట్టండి. అంకె రాయాలంటే మీటరు చూడక తప్పదు.

ప్ర: నేను పారామెడిక్‌ని. ఫిట్స్ ఆపడానికి ఇచ్చే మిడజోలామ్ ఆంపుల్‌లో (మందున్న చిన్న గాజు సీసా) సగం పేషెంట్‌కి ఇచ్చాక మిగతా సగం పారబోస్తాం. దానికి సాక్షి సంతకం కావాలంటారు. బండిలో నేను, డ్రైవర్ అన్న ఇద్దరమే. ఆయన బండి నడుపుతుంటాడు. తర్వాత స్టేషన్‌కి వచ్చాక సంతకం పెట్టించుకుంటే సరిపోదా?

జ: సరిపోదు. పారబోసేటప్పుడు చూసినవాళ్లు పెట్టేదే సాక్షి సంతకం. చూడనిదానికి అన్నతో సంతకం పెట్టిస్తే ఆయన్ని కూడా ఇరికించినట్టే.

ఈ మందుల విషయంలో లెక్క ఎందుకంత గట్టిగా అడుగుతారో కాస్త చెప్తాను, తెలిస్తే విసుగు తగ్గుతుంది. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటివి 1961 నాటి అంతర్జాతీయ మాదకద్రవ్యాల ఒప్పందం కిందికి వస్తాయి. డయాజెపామ్, మిడజోలామ్ 1971 నాటి సైకోట్రోపిక్ (మనసు మీద పనిచేసే మందుల) ఒప్పందం కిందికి వస్తాయి. ఆ ఒప్పందాలకు తగ్గట్టు దేశాలు చట్టాలు చేసుకున్నాయి. కెటమిన్ ఆ అంతర్జాతీయ జాబితాల్లో లేదు, అయినా చాలా దేశాలు సొంత చట్టంతో దాన్నీ తాళం కిందే పెట్టించాయి. కాబట్టి ఆంపుల్ కొన్న దగ్గర్నుంచి స్టోర్, బండి, పేషెంట్, మిగిలిన మిల్లీలీటరు దాకా గొలుసులో ఒక్క కొక్కెం కూడా ఊడకూడదు.

పద్ధతి ఇలా పెట్టుకోండి. మిగిలిన మందును సిరంజిలోనే ఉంచి, పేరు, మోతాదు, టైము రాసిన లేబుల్ అతికించి, మీ చేతిలోంచి జారనివ్వకుండా ఆసుపత్రి దాకా తీసుకెళ్లండి. పేషెంట్‌ని అప్పగించాక అక్కడి నర్సు ముందు గానీ, బండి ఆపాక డ్రైవర్ అన్న ముందు గానీ, మీ నిబంధనలు ఎవరిని సాక్షిగా ఒప్పుకుంటే వాళ్ల ముందు పారబోసి, అక్కడికక్కడే ఇద్దరూ సంతకం పెట్టండి. 5 మిల్లీగ్రాములు తీశాను, 2.5 ఇచ్చాను, 2.5 పారబోశాను అని మూడు అంకెలూ రాయాలి, కూడితే సరిపోవాలి. "మిగిలింది పారేశాం" అని రాస్తే అది లెక్క కాదు.

ఆంపుల్ పగిలితే? గాజు ముక్కలతో సహా ఫొటో, టైము, అప్పుడే సూపర్‌వైజర్‌కి ఫోన్. సాయంత్రం చెప్దాంలే అనుకోకండి. ఇంకోటి, ఒకే మనిషి షిఫ్టుల్లోనే మళ్లీమళ్లీ ఆంపుళ్లు పగులుతుంటే సూపర్‌వైజర్లు దాన్ని పట్టించుకోవాలి. మన తోటివాళ్లలో ఎవరైనా ఈ మందులకు అలవాటుపడి ఉండచ్చు, ముందుగా తెలిస్తే వాళ్లకు చికిత్స దొరుకుతుంది. ఇది అనుమానించడం కిందికి రాదు, మన మనిషిని కాపాడుకోవడం కిందికి వస్తుంది.

ప్ర: మందుల మీద ఎక్స్‌పైరీ ఇంకా ఏడాది ఉంది. అయినా ఆడిటర్ పారేయమన్నారు. ఇదేం న్యాయం?

జ: న్యాయమే. పెట్టె మీద వేసిన తేదీ, పెట్టె మీద రాసిన ఉష్ణోగ్రతలో ఉంచితేనే చెల్లుతుంది. ఎండలో తలుపులేసి ఆపిన బండి లోపల 50 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు, మీ ఆంపుళ్లలో చాలావాటి మీద 25 లోపు అని ఉంటుంది. సక్సినైల్‌కోలిన్, లోరాజెపామ్ ఇంజెక్షన్లు అయితే ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాటిని ఫ్రిజ్ నుంచి బయటికి తీసిన రోజే పాత ఎక్స్‌పైరీ పోయినట్టు. తయారీదారు కాగితంలో బయట ఎన్ని రోజులు పనికొస్తుందో చూసి, తీసిన తేదీ, పారేయాల్సిన తేదీ రెండూ వయల్ మీదే రాయాలి. అడ్రినలిన్‌కి వెలుతురు పడదు, అట్టపెట్టెలోంచి తీసి విడిగా పడేయకండి. కనిష్ఠం, గరిష్ఠం రెండూ గుర్తుంచుకునే థర్మామీటర్ ఒకటి మందుల అరలో పెట్టి రోజూ ఆ రెండంకెలు రాయండి. ఎక్కువ చూపించిన రోజు ఏం చేశారో కూడా రాయాలి, లేకపోతే మీ తప్పును మీరే రోజూ నమోదు చేసుకున్నట్టవుతుంది.

ప్ర: ఆక్సిజన్ సిలిండర్ "ఫుల్" అని రాస్తే చాలదా? ఎన్ని నిమిషాలు వస్తుందో రాయమంటున్నారు మా కొత్త మేనేజర్.

జ: మీ మేనేజర్ చెప్పింది మంచి మాట. లెక్క చాలా తేలిక. సిలిండర్ నీటి సామర్థ్యం ఎన్ని లీటర్లో దాన్ని మీటరులో ఉన్న బార్‌తో (ప్రెషర్ కొలత) గుణిస్తే లోపలున్న ఆక్సిజన్ ఎన్ని లీటర్లో వస్తుంది. 2 లీటర్ల చిన్న సిలిండర్, మీటరు 150 చూపిస్తోంది. చివరి 20 బార్ ముట్టుకోం అనుకుంటే 130 ఇంటూ 2, అంటే 260 లీటర్లు. మాస్కు మీద నిమిషానికి 15 లీటర్లు పెడితే 17 నిమిషాలు. మూడో అంతస్తు నుంచి పేషెంట్‌ని దింపేసరికే అందులో సగం పోవచ్చు. మీటరు పీఎస్ఐలో ఉంటే 14.5తో భాగించండి, బార్ వస్తుంది.

సిలిండర్ మెడ దగ్గర చెక్కిన టెస్ట్ తేదీ కూడా చూడండి. రకాన్ని, దేశాన్ని బట్టి 5 లేదా 10 ఏళ్లకోసారి ప్రెషర్ పరీక్ష చేయించాలి. వాల్వ్ బిగుసుకుంటే నూనె గానీ గ్రీజు గానీ రాయొద్దు, హ్యాండ్ క్రీము రాసుకున్న చేతులతో కూడా ముట్టుకోవద్దు, నిప్పంటుకుంటుంది. సీటు మీద వదులుగా పెట్టి బయల్దేరడం మానేయండి. యూరప్ అంబులెన్స్ ప్రమాణం ఈఎన్ 1789 లోపలి వస్తువులు 10 జీ (భూమి ఆకర్షణకు పది రెట్లు) కుదుపుకి కూడా ఊడకూడదంటుంది. అంటే 4 కిలోల సిలిండర్ ఆ క్షణంలో 40 కిలోల బరువుతో కొడుతుంది. దాని ఎదురుగా ఉండేది పేషెంట్ తల.

ప్ర: పేషెంట్ ఆసుపత్రికి రానంటే సంతకం పెట్టించుకుని వచ్చేస్తాం. ఒక కేసులో సంతకం ఉన్నా మమ్మల్ని తప్పుపట్టారు. సంతకానికి విలువ లేదా?

జ: సంతకానికి విలువుంది, కానీ దాని ముందు జరిగినదాన్ని బట్టే ఉంది. రానని చెప్పే హక్కు పెద్దవాళ్లకుంది. ఆ నిర్ణయం తీసుకునే స్థితిలో ఆ మనిషి ఉన్నాడా అన్నది చూడాల్సింది మీరు. షుగర్ పడిపోయినవాళ్లు "నాకేం కాలేదు, పొండి" అని కసురుతారు. తలకు దెబ్బ తగిలినవాళ్లు మర్యాదగా మాట్లాడి, గుండ్రంగా సంతకం కూడా పెడతారు. తాగిన మనిషి తూలుతున్నాడు కాబట్టి తాగుడే కారణమని తేల్చేస్తే, లోపల రక్తస్రావం ఉంటే ఎవరికి తెలుస్తుంది?

మీ కేసు షీట్‌లో "పేషెంట్ నిరాకరించారు" అని ఒక్క లైనే ఉండి ఉంటుందని నా అనుమానం. అక్కడ ఉండాల్సింది ఏమిటంటే, పేరు, చోటు, సమయం, ఏం జరిగింది అన్నవి సరిగ్గా చెప్పారా, బీపీ, నాడి, శ్వాస, ఆక్సిజన్ శాతం, షుగర్ ఎంత, కొంచెం ఆగి రెండోసారి చూస్తే ఎంత, రాకపోతే ఏం జరగచ్చో మీరు ఏ మాటల్లో చెప్పారు, అది విని ఆయన తన మాటల్లో ఏమన్నారు. ఈ చివరిది ముఖ్యం. "గుండెపోటు కావచ్చంటున్నారు, చచ్చిపోవచ్చంటున్నారు, తెలుసు, అయినా రాను" అని ఆయన అంటే ఆ మాటలు యథాతథంగా రాయండి. మీకు ఫోన్‌లో సలహా ఇచ్చే మెడికల్ కంట్రోల్ డాక్టర్‌కి ఫోన్ చేసి పేషెంట్‌తో మాట్లాడించండి, టైము రాయండి. ఇంట్లో ఎవరు తోడుంటున్నారో రాయండి. మనసు మారితే ఏ వేళలోనైనా మళ్లీ పిలవమని చెప్పి, చెప్పినట్టూ రాయండి. సంతకం కూడా పెట్టనంటే పక్కనున్న సాక్షి చేత పెట్టించండి.

ఇంకోటి నొప్పిగా ఉన్నా అడగాలి. రానన్నది పేషెంటేనా? "ఇంత చిన్నదానికి ఆసుపత్రి ఎందుకులెండి" అని మనం అన్నాక ఆయన సరేనంటే, అది ఆయన నిరాకరణ కాదు. ఒంట్లో బాగాలేని మనిషి ఇంటికొచ్చిన యూనిఫాం మాటను డాక్టరు మాటంత నమ్ముతాడు. షిఫ్ట్ చివర్లో అలసటతో ఆ మాట మన నోట్లోంచి ఎంత తేలిగ్గా వస్తుందో నాకు తెలుసు, అందుకే చెప్తున్నాను.

ప్ర: మా కేసు షీట్‌లో షాక్ ఇచ్చిన టైము, మేం పేషెంట్ దగ్గరికి చేరిన టైము కంటే ముందు ఉందట! అబద్ధం రాశారంటున్నారు.

జ: అబద్ధం కాకపోవచ్చు, గడియారాలు కలవలేదు. కాల్ సెంటర్ కంప్యూటర్ ఒక టైము, డీఫిబ్రిలేటర్ ఇంకో టైము, మీ చేతి వాచీ మరో టైము. బ్యాటరీ మార్చినప్పుడో ఊరికేనో మెషీన్ గడియారం జరుగుతూ ఉంటుంది. కనీసం వారానికోసారి డీఫిబ్రిలేటర్‌ని కాల్ సెంటర్ టైముతో కలిపి, ఎంత తేడా ఉందో రాసి పెట్టండి. పాత కేసు షీట్‌లో రాసినదాని మీదే మళ్లీ దిద్దకండి. తప్పు పడిన చోట అక్షరాలు కనబడేలా ఒక్క గీత గీసి, పక్కన సరైనది, ఇవాళ్టి తేదీ, పొట్టి సంతకం. వైట్‌నర్ మాత్రం ఆఫీసులోనే లేకుండా చేయండి.

ప్ర: మా దగ్గర బాగా పనిచేసే ఒకతని లైసెన్స్ పోయిన వారం ముగిసింది. రెన్యూవల్‌కి కట్టేశాడు, కాగితం రావాలి. మనుషులు తక్కువ. డ్యూటీ వేయచ్చా?

జ: కట్టిన రసీదుతో పని చేయచ్చని మీ లైసెన్స్ ఆఫీసు రాతపూర్వకంగా చెప్తే తప్ప వేయకండి. అతనెంత పనిమంతుడైనా ఆ వారంలో చేసిన ప్రతి ఇంజెక్షన్ లైసెన్స్ లేని మనిషి చేసినట్టే లెక్క, ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది అదే. స్టోర్‌లో గానీ శిక్షణలో గానీ పెట్టండి. ముగిసే తేదీలన్నీ ఒకే పేజీలో గోడకి పెట్టి 90 రోజుల ముందు నుంచి గుర్తుచేయడం సంస్థ పని, కుర్రాడి మీద తోసేయడం బాగుండదు.

ప్ర: మేడమ్, నేను చేరి రెండు నెలలైంది. నిన్న రాత్రి కదులుతున్న బండిలో సూది గుచ్చుకుంది. చెప్తే నా తప్పంటారని చెప్పలేదు. చిన్న గాటే. ఏమైనా అవుతుందా?

జ: నీ ఉత్తరం చేరిన రోజే విడిగా జవాబు రాశాను తల్లీ, అందరికీ తెలియాలని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. గుచ్చుకున్న చోట వెంటనే సబ్బు, నీళ్లతో కడగాలి, పిండకూడదు. అప్పుడే సూపర్‌వైజర్‌కి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటాక మొదలుపెట్టరు, 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బీ టీకా పూర్తయిందో లేదో చూసి దానికీ ఏం చేయాలో చెప్తారు. గాటు చిన్నదా పెద్దదా అన్నది నువ్వు తేల్చుకోవద్దు, డాక్టర్ తేలుస్తారు. "డ్యూటీలో గుచ్చుకుంది" అని ఆ రోజే కాగితం మీద పడితే, తర్వాత పరీక్షలకు, సెలవుకు, పరిహారానికి అదే నీకు ఆధారం.

మీ సూపర్‌వైజర్ ఇది చదువుతుంటే వాళ్లకి ఒక మాట. ఆ రాత్రి బండిలో సూదుల డబ్బా ఎంత నిండి ఉందో ఇప్పుడే వెళ్లి చూడండి. ముప్పావు వంతు నిండగానే మూసి మార్చాలి. అంచుదాకా నిండిన డబ్బాలోకి, కుదుపుల్లో, రెండు నెలల అనుభవమున్న అమ్మాయి సూది తోయాల్సి వచ్చి ఉంటే ముందు రాయాల్సింది ఆ డబ్బా గురించి.